కామా తర్వాత వచ్చిన నేను

"లీవింగ్ ది సేఫ్ ఓపెన్, ఐ సా ది క్యాషియర్ గోయింగ్ అవుట్."

2007లో నా మీద వచ్చిన ఛార్జి మెమోకు ఆధారం ఈ ఒక్క ఇంగ్లీషు వాక్యం. కింద సంతకం నాదే. వాక్యం మాత్రం నాది కాదు. నేను తెలుగులో చెప్పాను, ఇంకొకరు ఇంగ్లీషులో రాశారు.

నేను పనిచేసింది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, గుమాస్తాగా. ఏ శాఖో, ఏ ఊరో రాయను. అప్పటివాళ్ళు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళలో నాకు మేలు చేసినవాళ్ళూ ఉన్నారు. పదో తరగతి దాకా నా చదువు తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు బట్టీ పట్టి గట్టెక్కాను. ఆఫీసులో ఇంగ్లీషంటే ఫారాలు నింపడం, రిజిస్టర్లో అంకెలు వేయడం, రెండు మూడు అరిగిపోయిన వాక్యాలతో కవరింగ్ లెటరు రాయడం. దానికి వ్యాకరణంతో పెద్దగా పని పడదు.

ఆ వాక్యం పుట్టిన రోజు ఊళ్ళో సంత. మా పై అధికారి సెలవులో ఉండడంతో సేఫు రెండో తాళంచెవి నా దగ్గరుంది. పొద్దున ఇద్దరం కలిసి తెరవాలి, సాయంత్రం ఇద్దరం కలిసి మూయాలి. మధ్యలో నగదు గది క్యాషియర్ గారి బాధ్యత. మధ్యాహ్నం భోజనం చేసి మేడ మీంచి దిగి వచ్చేసరికి గ్రిల్లు తలుపు తీసి ఉంది. కౌంటర్లో కూర్చున్న కాసేపటికి క్యాషియర్ గారు సంచీ పట్టుకుని బ్యాంకుకు బయల్దేరారు. గ్రిల్లు సందులోంచి చూస్తే సేఫు తలుపు ఓరగా ఉంది. నా ముందు క్యూ వీధి దాకా ఉంది. లేవలేక అటెండర్ని పిలిచి గ్రిల్లు దగ్గర నిలబడమన్నాను. సాయంత్రం లెక్క చూస్తే 48 వేల రూపాయలు తక్కువ.

రాత్రి ఎనిమిది దాటాక డివిజన్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టింగ్ ఆఫీసరు వచ్చారు. ఒక్కొక్కరినీ పిలిచి స్టేట్‌మెంటు తీసుకున్నారు. క్యాషియర్ గారు తనది తానే రాసుకున్నారు. నా వంతు వచ్చేసరికి ఆలస్యమైపోతోందని, "మీరు చెప్పండమ్మా, నేను రాస్తాను" అన్నారు. నేను చెప్పింది ఇదీ: సేఫు తెరిచి వదిలేసి క్యాషియర్ గారు బయటికి వెళ్ళడం నేను చూశాను.

రాసిన తర్వాత చదివి వినిపించారు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఇంగ్లీషులో చదివి ఊరుకోలేదు, తెలుగులో చెప్పారు. తన మనసులో ఉన్న అర్థమే చెప్పారు కాబట్టి తెలుగులో అంతా సవ్యంగానే వినబడింది. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు పడిన తప్పు తెలుగులోకి తిరిగి రాగానే మాయమైపోయింది. "చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నాను" అన్న మామూలు ముక్క కింద సంతకం చేసి ఇంటికొచ్చాను.

వారం తిరక్కముందే సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. కొన్నాళ్ళకు 1965 సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళిలోని 14వ రూలు కింద మెమో వచ్చింది. 14వ రూలంటే మా ఉద్యోగాల్లో అందరికీ తెలుసు: పెద్ద శిక్షల రూలు, ఉద్యోగం ఊడే దాకా పోవచ్చు. మొదటి అనుబంధంలో అభియోగం, రెండోదాంట్లో వివరణ, మూడోదాంట్లో కాగితాల జాబితా, నాలుగోదాంట్లో సాక్షుల జాబితా. అభియోగం సారాంశం ఇది: సేఫును తెరిచి ఉంచినట్టు ఈమె స్వయంగా ఒప్పుకున్నది, క్యాషియరు లేడని తెలిసీ మూయలేదు, కాబట్టి విధి పట్ల శ్రద్ధ లోపించినది. కాగితాల జాబితాలో మొదటిది నా స్టేట్‌మెంటే.

ఆ మెమో చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా ఆయన ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నారు. రెండుసార్లు చదివి, "సేఫు నువ్వే వదిలేసినట్టుందే ఇందులో" అన్నారు. నన్ను అనుమానించి కాదు, ఉన్నది చదివారంతే. అయినా ఆ మాట ఛార్జి మెమో కన్నా ఎక్కువ గుచ్చుకుంది. అత్తయ్య అయితే చాలాకాలం ఆ డబ్బు నేనే తీశానని అనుకున్నారు. ఊళ్ళో కూడా అలాగే చెప్పుకున్నారు. సస్పెండయిందంటే తినేసిందనే లెక్క. శ్రద్ధ లోపించడం అనే నేరం ఒకటుందని బజారుకు తెలియదు.

సస్పెన్షన్లో ఉన్నవాళ్ళకు జీతం రాదు, జీవనభృతి వస్తుంది. సగం జీతం సెలవు పెడితే ఎంత వస్తుందో అంత, దాని మీద కరువు భత్యం. ఇంకెక్కడా పనిచేయడం లేదని ప్రతినెలా రాసిచ్చి తీసుకోవాలి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. చీటీ వాయిదాలు ఆగాయి, గాజులు తాకట్టుకు వెళ్ళాయి, మా వాడి స్కూలు ఫీజుకు మా తమ్ముడు డబ్బు పంపాడు. తొంభై రోజుల్లోగా సస్పెన్షన్ను సమీక్షించాలని రూలు. మొదటి సమీక్షలో పొడిగించారు, తర్వాతి సమీక్షలో ఎత్తేసి దూరంగా ఇంకో ఆఫీసుకు వేశారు. ఎంక్వైరీ మాత్రం నడుస్తూనే ఉంది.

డిఫెన్స్ అసిస్టెంటుగా ఒప్పుకున్నది మా శాఖలోనే సూపరింటెండెంటుగా రిటైరైన పెద్దాయన. ఫైళ్ళలో ఇంగ్లీషు చూసి చూసి విసిగిపోయిన మనిషి. మెమో అంతా చదవలేదు, సరాసరి నా స్టేట్‌మెంటు తీశారు. పెన్సిలుతో కామా చుట్టూ సున్నా చుట్టి, "అమ్మా, నువ్వు ఇరుక్కున్నది ఇక్కడ" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను, ఎందుకంటే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే ఎవరికైనా ఈ ఆపద పొంచి ఉంది.

తెలుగులో "వదిలేసి" అన్నది క్త్వార్థకం. అది తన తర్వాత వచ్చే క్రియను పట్టుకుని ఉంటుంది. నా వాక్యంలో "వదిలేసి" పోయి పట్టుకున్నది "వెళ్ళడం"ను. వెళ్ళింది క్యాషియర్ గారు కాబట్టి వదిలేసిందీ ఆయనే. "నేను చూశాను" చివర్లో ఎక్కడో ఉంది, దానికీ వదిలేయడానికీ సంబంధం లేదు. తెలుగు తెలిసిన ఏ మనిషికీ ఇందులో సందేహం రాదు. సంస్కృతంలో క్త్వా ప్రత్యయానికి పాణిని పెట్టిన షరతు కూడా ఇదేనట: ముందు జరిగిన పనికీ, తర్వాతి పనికీ కర్త ఒకరే కావాలి.

ఇంగ్లీషులో "లీవింగ్" పార్టిసిపుల్. అది పుట్టుక చేత క్రియ, చేసే పని విశేషణానిది. విశేషణం కాబట్టి దానికి నామవాచకం కావాలి. వాక్యం మొదట్లో పార్టిసిపుల్‌తో ఒక పదబంధం పెట్టి కామా వేస్తే, కామా తర్వాత వచ్చే కర్త ఎవరో వాళ్ళకే అది అంటుకుంటుంది. ఆఫీసరు గారు నా తెలుగు వాక్యం మొదటి ముక్కను ఇంగ్లీషులోనూ మొదటే ఉంచారు. తర్వాత ఇంగ్లీషు పద్ధతి ప్రకారం కర్తా క్రియా ముందుకు రావాలి కాబట్టి, చివర్లో ఉన్న "నేను చూశాను"ను లాక్కొచ్చి కామా పక్కన పెట్టారు. అలా ఆ సేఫు వదిలేసిన మనిషిని నేనయ్యాను.

"ఐ సా ది క్యాషియర్ గో అవుట్, లీవింగ్ ది సేఫ్ ఓపెన్" అని రాసినా చాలావరకు బయటపడేదాన్ని. పూర్తిగా కాదు, గిట్టనివాళ్ళు దాన్ని కూడా నా మీదికే తిప్పగలరు. "ది క్యాషియర్ లెఫ్ట్ ది సేఫ్ ఓపెన్ అండ్ వెంట్ అవుట్. ఐ సా దిస్" అని రెండు చిన్న వాక్యాలుగా రాసి ఉంటే అసలు మెమోనే వచ్చేది కాదు.

మనకు ఇది ఎందుకు కనబడదో కూడా పెద్దాయన చెప్పారు. తెలుగు చాలాచోట్ల కర్తను మార్చనిస్తుంది. వానలు పడి చెరువు నిండింది అంటాం. పడింది వానలు, నిండింది చెరువు, ఎవరూ తప్పనరు. ఒకటి కారణం, ఒకటి ఫలితం, అంతే. ఆ మాట విని నాకు భయమేసింది అంటాం. విన్నది నేను, వాక్యానికి కర్త భయం. మెమో చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదని పైన నేను రాశానే, అదే మాదిరి. మెమో చదివింది నా కాళ్ళూ చేతులూ కావు. భయం వాక్యాన్ని ఇంగ్లీషులో అలాగే దింపితే, మాట విన్నది భయమే అవుతుంది. అక్కడ "వెన్ ఐ హర్డ్ ఇట్, ఐ వాజ్ అఫ్రెయిడ్" అని రెండు క్రియలకూ కర్తను విడివిడిగా చూపించాలి. లేకపోతే పార్టిసిపుల్‌కు దాని సొంత కర్తను పక్కనే ఇవ్వాలి: "ది క్యాషియర్ హావింగ్ గాన్ అవుట్, ఐ కాల్డ్ ది అటెండర్." ఇది సలక్షణమైన వాక్యం. వెళ్ళింది క్యాషియరు, పిలిచింది నేను, ఎవరి పని వాళ్ళ దగ్గరే ఉంది. "కన్సిడరింగ్", "జడ్జింగ్ ఫ్రమ్" లాంటి కొన్నింటికి మాత్రం కర్త అక్కర్లేదని వ్యాకరణాలే వదిలేశాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది, అది నన్ను రాత్రులు నిద్రపోనివ్వలేదు. వ్యాకరణం మాకు అనుకూలం కాదు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం తీసి ఎంక్వైరీ బల్ల మీద పెడితే, అది శాఖ వాదననే బలపరుస్తుంది. నియమం ప్రకారం చదివితే సేఫు వదిలింది నేనే. శాఖ తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసరు మొదటి సిటింగులోనే ఆ మాట అన్నారు కూడా: "ఇంగ్లీషు స్పష్టంగా ఉంది, వేరే అర్థానికి తావు లేదు." ఆయన చెప్పింది తప్పు కాదు.

పెద్దాయన దానికి ఎదురు వెళ్ళలేదు. రెన్ అండ్ మార్టిన్‌ను మా తరఫు కాగితంగా తానే దాఖలు చేశారు! నేను బెంబేలెత్తాను. "నియమం గట్టిగా నిలబడనీ అమ్మా, ఆ నియమంతోనే మిగతా కాగితం కూడా చదివిద్దాం" అన్నారు.

స్టేట్‌మెంటు రాసిన ఆఫీసరు గారు సాక్షిగా వచ్చిన రోజు జరిగింది నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది.

"ఇది మీ చేతిరాతేనా సార్?"

"అవును."

"మూడో వాక్యం చదవండి."

"కమింగ్ డౌన్ ది స్టెప్స్ ఆఫ్టర్ లంచ్, ది గ్రిల్ డోర్ వాజ్ ఫౌండ్ ఓపెన్."

"భోజనం చేసి మెట్లు దిగింది ఎవరండీ?"

"ఈవిడే."

"మీరు రాసినదాని ప్రకారం చెప్పండి. కామా తర్వాత ఏముంది?"

ఆయన కాగితం చూసుకున్నారు. "గ్రిల్ డోర్."

"అంటే గ్రిల్లు తలుపు భోంచేసి మెట్లు దిగింది."

"అలా ఎలా అవుతుందండీ, అర్థం తెలుస్తూనే ఉందిగా."

"సరే. ఆఖరి వాక్యం చదవండి."

"హావింగ్ కౌంటెడ్ ట్వైస్, ది షార్టేజ్ వాజ్ రిపోర్టెడ్."

"రెండుసార్లు లెక్కపెట్టింది తరుగేనా?"

ఆయన మాట్లాడలేదు. పెద్దాయన గొంతు పెంచలేదు. "సార్, మీరు పెద్దలు, మిమ్మల్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఒకే కాగితం, ఒకే చెయ్యి, ఒకే రాత్రి. మూడో వాక్యానికి అర్థం చూడమంటున్నారు, ఐదో వాక్యానికి అక్షరం పట్టుకుని ఈవిడ ఉద్యోగం తీయమంటున్నారు. రెంటికీ ఒకే కొలత పెట్టండి. ఇంతకీ ఆ రాత్రి ఈవిడ తెలుగులో మీతో ఏం చెప్పింది?"

ఆయన కాసేపు ఆగారు. తర్వాత, "సేఫు తెరిచి వదిలేసి క్యాషియర్ వెళ్ళాడనే చెప్పింది" అన్నారు. ఎంక్వైరీ ఆఫీసరు ఆ జవాబును ఆయన చేతనే ఇంగ్లీషులో చెప్పించి రాసుకున్నారు. ఈసారి వాక్యం క్యాషియరుతో మొదలైంది.

ఆ ఆఫీసరు గారి మీద నాకు కోపం ఉండేది. ఆ జవాబుతో పోయింది. ఆయన అబద్ధం ఆడి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే తెలుగులో నేను చెప్పిన మాటకు వేరే రుజువు లేదు.

ఆ రెండు వాక్యాల్లోనూ ఇంకో జబ్బు ఉంది. అది మా ఆఫీసు ఇంగ్లీషు మొత్తానికీ ఉన్నదే. "వాజ్ ఫౌండ్", "వాజ్ రిపోర్టెడ్" అంటూ అన్నీ కర్మణి ప్రయోగాలు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో ఉండదు. పని చేసినవాడి పేరు రాయకుండా తప్పుకోవడానికి ప్రభుత్వ కాగితాలకు అది బాగా పనికొస్తుంది. కర్మణి వాక్యం ముందు పార్టిసిపుల్ పెడితే దానికి అంటుకోవడానికి మనిషే దొరకడు, తలుపో తరుగో దొరుకుతుంది. తలుపు దొరికినప్పుడు నవ్వుకుని వదిలేస్తారు. నా విషయంలో దురదృష్టవశాత్తూ మనిషి దొరికింది. అర్థం పొసగని తప్పుకంటే అర్థం పొసగే తప్పు ప్రమాదమని నాకు అప్పుడు తెలిసింది.

చివరి వాదనను పెద్దాయన రాతపూర్వకంగా ఇచ్చారు. అందులో షేక్‌స్పియర్‌ను కూడా లాక్కొచ్చారు. హామ్లెట్ మొదటి అంకంలో తండ్రి దయ్యం కొడుకుతో, తాను తోటలో నిద్రపోతుండగా పాము కరిచిందని లోకానికి చెప్పారంటాడు. మూలంలో నిద్రకు సంబంధించిన పార్టిసిపుల్ వెనకే పాము ఉంటుంది, నియమం ప్రకారమైతే నిద్రపోయింది పామే. నాలుగు వందల ఏళ్ళుగా చదువుతున్నవాళ్ళెవరూ అలా అనుకోలేదని రాశారు. అలాంటి పార్టిసిపుల్స్ గురించి ఫౌలర్ 1926 నాటి తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ప్రత్యేకంగా రాశాడని కూడా చేర్చారు. ఈ భాగం కాస్త ఎక్కువైందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఎంక్వైరీ ఆఫీసరు తన రిపోర్టులో పామును తాకనే లేదు.

వ్యాకరణం ఒక్కటే నన్ను కాపాడిందని చెబితే అబద్ధమవుతుంది. క్యాషియర్ గారు బ్యాంకుకు వెళ్తూ మూవ్‌మెంట్ రిజిస్టర్లో తన చేత్తో వేసిన టైము ఉంది. అదే టైములో నేను కౌంటర్లో రాసిచ్చిన రసీదులు ఉన్నాయి. గ్రిల్లు దగ్గర నిలబడమని నేను పిలిచినట్టు అటెండరు చెప్పాడు. ఇవన్నీ మొదటి రోజు నుంచీ ఉన్నవే. కానీ "తానే ఒప్పుకున్నది" అన్న మాట ముందు అవి ఎవరికీ కనబడలేదు. ఒప్పుకోలు ఉన్నచోట సాక్ష్యం వెతికే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఒప్పుకోలు కదిలాకే ఆ రిజిస్టరు తెరిచారు.

మెమో వచ్చి రెండేళ్ళు దాటాక రిపోర్టు వచ్చింది. ఆ వాక్యానికి రెండు అర్థాలు వచ్చే అవకాశం ఉందని, దాన్ని ఒప్పుకోలుగా తీసుకోలేమని, మిగతా సాక్ష్యం అభియోగానికి ఎదురుగా ఉందని రాశారు. అభియోగం రుజువు కాలేదు. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా లెక్కించి, భృతి పోను మిగతా జీతం ఇచ్చారు. తరుగు సొమ్ము క్యాషియర్ గారి దగ్గర రికవరీ చేశారని విన్నాను. ఆ డబ్బు ఎవరు తీశారో నాకు ఈరోజుకీ తెలియదు. తాకట్టు గాజులు విడిపించాను. మా అత్తయ్య మాత్రం నేను నిర్దోషినని తేలేనాటికి లేరు.

పెద్దాయన దగ్గర రెన్ అండ్ మార్టిన్ అడిగి తెచ్చుకుని, పార్టిసిపుల్ పాఠం అభ్యాసాలతో సహా చేశాను. తర్వాత మా ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు చాలావరకు నేనే రాశాను. వాక్యం మొదట్లో పార్టిసిపుల్ పెట్టడం మానలేదు, అది మంచి సాధనమే. పెట్టిన ప్రతిసారీ కామా దాటి మొదటి మనిషి ఎవరని అడుగుతాను. ఆ పని చేసింది వాళ్ళే అయితే ఉంచుతాను, కాకపోతే రెండు వాక్యాలు చేస్తాను. దీనికి వ్యాకరణ పరిభాష ఏదీ అక్కర్లేదు. మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్లలకు ఇదే చెప్పాను. ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఇదే తప్పు చేస్తారు, కాకపోతే వాళ్ళకు భయం తక్కువ.

ఫిర్యాదు చెప్పుకోవడానికి కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. స్టేట్‌మెంటు అర్జీ కాదు, దానికి ఇది వర్తిస్తుందని నేను వాదించను. కానీ నా కాగితం మీద నా తెలుగు మాట ఒక్క వరుస ఉండి ఉంటే, ఆ ఎంక్వైరీ గంటలో ముగిసేది. మీరు చెప్పినదాన్ని ఎవరైనా ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టమంటే, అది పోలీసు స్టేషనైనా, బ్యాంకైనా, ఆఫీసైనా సరే, మీరు నోటితో చెప్పిన మాటను చెప్పినట్టుగా తెలుగులో, మీ చేతిరాతతో కింద రాయండి. రాయనివ్వకపోతే, "నేను తెలుగులో చెప్పాను" అన్న మూడు మాటలైనా రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.